డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు, వారి కుటుంబాలు: సమాజ అండ చరిత్ర – చౌడేపల్లె ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

విషయక్రమం

1.0 లక్ష్యాలు
1.1 ప్రవేశిక
1.2 పేరు మారిన తీరు
1.3 వలస పాలనలో చట్టం చూపు
1.4 ఊరు ఇచ్చిన చోటు, దాని హద్దులు
1.5 కుటుంబమే శిక్షకురాలు: వెల్లూరు, సికింద్రాబాద్, చెన్నై
1.6 చట్టాలు: 1992 నుంచి 2016 వరకు
1.7 మండలంలోకి వచ్చిన సేవలు
1.8 మిగిలిన ప్రశ్న: 'మా తర్వాత ఎవరు?'
1.9 సారాంశం
1.10 కీలక పదాలు
1.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు, క్షేత్ర అభ్యాసం

1.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తర్వాత మీరు:
• డౌన్ సిండ్రోమ్‌ను వైద్యం, చట్టం, సమాజం కాలక్రమంలో ఎలా చూశాయో వివరించగలుగుతారు.
• గ్రామ సమాజం ఇచ్చిన అండనూ, దాని లోపాలనూ బేరీజు వేయగలుగుతారు.
• 1990ల తర్వాత వచ్చిన చట్టాలు కుటుంబాల జీవితంలో ఏం మార్చాయో చెప్పగలుగుతారు.
• మీ మండలంలోనే ఈ చరిత్రకు ఆధారాలు ఎలా సేకరించాలో తెలుసుకుంటారు.

1.1 ప్రవేశిక

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, ఉద్యమాలు గుర్తుకొస్తాయి. గత యూభై అరవై ఏళ్లుగా చరిత్రకారులు రైతుల గురించి, స్త్రీల గురించి, కూలీల గురించి రాయడం మొదలుపెట్టారు. వికలాంగుల చరిత్ర వీటన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. అందులోనూ బుద్ధి ఎదుగుదలలో తేడా ఉన్నవారి చరిత్ర మరీ ఆలస్యం. కారణం తేలికగానే అర్థమవుతుంది. వారిలో చాలామంది తమ గురించి తాము రాసుకోలేదు. వారి తల్లులకు రాసే తీరిక, చదువు రెండూ లేవు.

డౌన్ సిండ్రోమ్ అరుదైనది కాదు. సుమారు 800 నుంచి 1000 జననాలకు ఒకటి చొప్పున ఇది కనిపిస్తుంది. ఏ దేశం, ఏ కులం, ఏ ఆదాయం అన్న తేడా దీనికి లేదు. కాబట్టి మీరు ఏ మండలంలో కూర్చుని ఈ పాఠం చదువుతున్నా, ఆ మండలంలో ఇలాంటి కుటుంబాలు ఉండే ఉంటాయి.

ఈ యూనిట్‌లో మనం పాత చిత్తూరు జిల్లా పడమటి భాగాన్ని, ముఖ్యంగా చౌడేపల్లె చుట్టుపక్కల ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుంటాం. బోయకొండ గంగమ్మ గుడి ఉన్న మండలంగా చౌడేపల్లె చాలామందికి తెలుసు. ఒకవైపు పుంగనూరు, మదనపల్లె; మరోవైపు పలమనేరు, కుప్పం. ఇక్కడివారు పెద్ద వైద్యం కోసం తిరుపతికి వెళ్తారు, తమిళనాడులోని వెల్లూరుకు వెళ్తారు, కర్ణాటకలోని బెంగళూరుకూ వెళ్తారు. అందువల్ల ఈ ప్రాంత కుటుంబాల చరిత్ర ఒక్క రాష్ట్రంతో పూర్తికాదు.

పాఠం పొడవునా రెండు మాటలు గుర్తుంచుకోండి: పేరు, చోటు. ఈ పిల్లల పరిస్థితికి సరైన పేరు దొరకడం ఒక చరిత్ర. మనుషుల మధ్య వారికి చోటు దొరకడం మరో చరిత్ర. ఈ రెండూ చాలాకాలం కలిసి నడవలేదు. అవి ఎక్కడ కలిశాయి, ఎక్కడ ఇంకా కలవలేదు అన్నదే ఈ యూనిట్ విషయం.

1.2 పేరు మారిన తీరు

1866లో జాన్ లాంగ్డన్ డౌన్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఈ పరిస్థితిని మొదటిసారి విడిగా వర్ణించాడు. అప్పుడు ఆయన సర్రే ప్రాంతంలోని ఎర్ల్స్‌వుడ్ ఆశ్రమంలో పనిచేస్తున్నాడు. ఆయన పరిశీలన నిశితమైనదే కానీ, పెట్టిన పేరు మాత్రం ఆ కాలపు జాతి సిద్ధాంతాల నుంచి వచ్చింది. ఈ పిల్లల కళ్లు, ముఖం మంగోలు జాతివారిని పోలి ఉన్నాయని భావించి ఆ జాతి పేరే పెట్టాడు. దాదాపు వందేళ్లపాటు వైద్య పుస్తకాల్లో 'మంగోలిజం' అనే మాటే నడిచింది.

1959లో పారిస్‌లో జెరోమ్ లెజూన్, మార్త్ గోతియె, రేమండ్ తుర్పాన్ అసలు కారణాన్ని ప్రకటించారు. మామూలుగా మనిషి కణంలో 46 క్రోమోజోములు ఉంటాయి. వీరిలో 47 ఉంటాయి. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటుంది. 1961లో కొందరు శాస్త్రవేత్తలు 'ది లాన్సెట్' పత్రికకు లేఖ రాసి, జాతి పేరును వదిలెయ్యాలని కోరారు. 1965లో మంగోలియా దేశం చేసిన అభ్యర్థనతో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ మాటను విడిచిపెట్టింది.

ఈ శాస్త్ర విషయం మన ఊళ్లకు ఎందుకు ముఖ్యం? రాయలసీమలో మేనరికాలు ఎక్కువ. ఇలాంటి బిడ్డ పుడితే మేనరికం వల్లనో, గ్రహణం వల్లనో, తల్లి చేసిన పొరపాటు వల్లనో అని అనుకోవడం మామూలు. నిజానికి ఎక్కువ మందిలో ఇది గర్భం నిలిచే దశకు ముందే, కణ విభజనలో అనుకోకుండా జరిగే మార్పు. సుమారు 95 శాతం మందిలో ఇదే కారణం. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది. అయినా చిన్న వయసు తల్లులకే కాన్పులు ఎక్కువ కాబట్టి వారికి పుట్టే పిల్లల్లోనూ ఇది కనిపిస్తుంది. మేనరికం కొన్ని ఇతర జన్యు వ్యాధులకు కారణం కావచ్చు కానీ, డౌన్ సిండ్రోమ్‌కు దాన్ని కారణంగా చెప్పడానికి ఆధారం లేదు. కొద్దిమందిలో మాత్రం తల్లి లేదా తండ్రి క్రోమోజోముల అమరిక వల్ల ఇది వస్తుంది. అది పరీక్షలో తెలుస్తుంది.

ఈ సంగతి తెలియకపోవడం వల్ల నష్టపోయేది ఆ బిడ్డ ఒక్కరే కాదు. తల్లి అత్తింట్లో మాట పడుతుంది. అక్కచెల్లెళ్ల పెళ్లి సంబంధాలు ఆగుతాయి. దాంతో కుటుంబం బిడ్డను నలుగురికీ కనిపించకుండా ఉంచుతుంది. సరైన పేరు తెలిస్తే మొదట తగ్గేది ఈ నింద.

1.3 వలస పాలనలో చట్టం చూపు

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు మదనపల్లె ప్రాంతం కడప జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఇదంతా మద్రాసు పాలనలోనే ఉంది.

జిల్లా ఏర్పడిన మరుసటి ఏడాది, 1912లో, 'ఇండియన్ లూనసీ యాక్ట్' వచ్చింది. ఆ చట్టం 'లూనటిక్' అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే 'ఇడియట్' అన్న మాటనూ చేర్చింది. అంటే మానసిక జబ్బు ఉన్నవారిని, పుట్టుకతో బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్నవారిని చట్టం ఒకే గాటన కట్టింది. వారికి ప్రభుత్వం చూపిన చోటు ఆశ్రమం. ఈ ప్రాంతానికి అలాంటిది మద్రాసు కీల్పాక్‌లో ఉండేది. అది 1871 నుంచి అక్కడ నడుస్తోంది.

ఇదే కాలంలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం వచ్చింది. 1948లో దేశంలో బీసీజీ టీకా ప్రయోగాత్మకంగా మొదలైన రెండు చోట్లలో మదనపల్లె ఒకటి. క్షయ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది, ప్రాణం తీస్తుంది. అందుకే దాని మీదికి డబ్బు, పరిశోధన వచ్చాయి. ఎవరికీ అంటుకోని, ఇంటి లోపలే ఉండిపోయే తేడా మీద ప్రభుత్వం దృష్టి పడలేదు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
(అ) 1959లో ఏ విషయం కనుగొన్నారు?
(ఆ) 1912 చట్టం మానసిక జబ్బునూ, బుద్ధి ఎదుగుదలలో తేడానూ ఎలా చూసింది?
(ఇ) మేనరికం గురించిన అపోహ కుటుంబంలో ఎవరెవరికి నష్టం చేస్తుంది?

1.4 ఊరు ఇచ్చిన చోటు, దాని హద్దులు

ఆశ్రమానికి వెళ్లినవారు కొద్దిమంది. మిగిలినవారంతా ఇళ్లలోనే ఉన్నారు. మరి ఊరు వారిని ఎలా చూసింది?

చౌడేపల్లె, పుంగనూరు ప్రాంతం ఎక్కువగా మెట్ట సేద్యం. వేరుశనగ, పశువులు, గొర్రెలు, తర్వాతి కాలంలో మల్బరీ, టమోటా. ఇలాంటి సేద్యంలో పని చిన్నచిన్న ముక్కలుగా ఉంటుంది. పేడ ఎత్తడం, దూడను కట్టెయ్యడం, కాయలు ఒలవడం, పట్టుపురుగులకు ఆకు వెయ్యడం, చంద్రికల మీద నుంచి గూళ్లు తీయడం, టమోటాలు ఏరి గంపకెత్తడం. రోజూ ఒకే తీరుగా, నలుగురితో కలిసి చేసే పని ఇది. డౌన్ సిండ్రోమ్ ఉన్న చాలామంది చూసి నేర్చుకోవడంలో చురుకైనవారు. ఒకసారి అలవాటైన పనిని శ్రద్ధగా చేస్తారు. కాబట్టి చదువుకు పట్టణం పెట్టే పరీక్షలో తప్పినవారికి కూడా ఇలాంటి సేద్యంలో ఒక పని దొరికే వీలుంది. గుడి ముందు, రచ్చబండ దగ్గర, జాతరలో వారిని పేరు పెట్టి పలకరించేవారు ఉండడం కూడా ఒక రకమైన అండే.

అయితే దీన్ని గొప్పగా చెప్పుకొని ఊరుకుంటే అది చరిత్ర కాదు. ఆ చోటుకు నాలుగు హద్దులు ఉన్నాయి. మొదటిది, ఆ పనికి కూలి ఉండదు; తిండి పెడితే చాలనుకుంటారు. రెండోది, బడి ఉండదు. మూడోది, ఆస్తి పంపకాల్లో వారి మాట ఉండదు. ఆడపిల్ల అయితే రక్షణ గురించిన భయం అదనం. నాలుగోది అన్నిటికంటే పెద్దది. ఆ చోటు పూర్తిగా ఒక మనిషి మీద, సాధారణంగా తల్లి మీద, ఆధారపడి ఉంటుంది. తల్లి తర్వాత వదిన, వదిన కాకపోతే అక్క. ఎవరూ లేకపోతే ఆ చోటూ లేదు.

పైగా ఆ రోజుల్లో చాలామంది పిల్లలు అసలు పెద్దవాళ్లే కాలేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది. శ్వాసకోశ వ్యాధులు సులువుగా సోకుతాయి. ఆపరేషన్లు, యాంటీబయాటిక్ మందులు లేని కాలంలో వారు పసితనంలోనే పోయేవారు. జబ్బు పేరు కూడా తెలియకుండానే ఆ కథ ముగిసేది.

1.5 కుటుంబమే శిక్షకురాలు: వెల్లూరు, సికింద్రాబాద్, చెన్నై

1950ల నుంచి దక్షిణాదిన ఒక కొత్త ఆలోచన పెరిగింది. చిత్తూరుకు దగ్గరలోనే ఉన్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల 1957లో బాగాయం దగ్గర మానసిక ఆరోగ్య కేంద్రాన్ని తెరిచింది. దాని ప్రత్యేకత ఏమిటంటే, రోగితో పాటు ఇంటివాళ్లు కూడా అక్కడే ఉండాలి. వండుకోవాలి, చూసుకోవాలి, నేర్చుకోవాలి. తర్వాత అక్కడే బుద్ధి ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లల కోసం 'నంబిక్కై నిలయం' అనే విభాగం వచ్చింది. తమిళంలో దాని అర్థం నమ్మకానికి నిలయం. అక్కడ వైద్యుడు బిడ్డకు నేర్పించడం కంటే, బిడ్డకు ఎలా నేర్పాలో తల్లిదండ్రులకు నేర్పడం మీద ఎక్కువ దృష్టి పెట్టారు.

ఇది చిన్న మార్పు కాదు. ఆశ్రమం బిడ్డను ఇంటి నుంచి వేరు చేసింది. ఇక్కడ ఇంటినే బడిగా మార్చారు. బొత్తాం పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం, బాత్‌రూమ్‌కు వెళ్లాలని చెప్పడం లాంటి ఒక్కొక్క పనిని చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పే పద్ధతిని తల్లి ఊరికి తీసుకుపోగలదు.

తెలుగు ప్రాంతంలో ఈ దిశగా పెద్ద అడుగు 1984లో పడింది. సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వం బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థను నెలకొల్పింది. ప్రత్యేక ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం, తల్లిదండ్రుల కోసం పుస్తకాలు తయారుచేయడం, తల్లిదండ్రుల సంఘాలను ప్రోత్సహించడం దాని పనులు. అదే 1984లో చెన్నైలో డాక్టర్ సురేఖా రామచంద్రన్ డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి కోసం పని మొదలుపెట్టారు. ఆమె ఒక తల్లి. ఆమె కుమార్తెకు డౌన్ సిండ్రోమ్ ఉంది. ఆ పని 'డౌన్ సిండ్రోమ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా'గా ఎదిగింది. 1990ల మధ్యలో దేశంలోని తల్లిదండ్రుల సంఘాలన్నీ 'పరివార్' అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి.

తల్లిదండ్రులు ఒకచోట కలిస్తే ఏం జరుగుతుంది? ముందు, 'మాకే ఎందుకిలా?' అన్న ప్రశ్న తగ్గుతుంది. తర్వాత సమాచారం చేతులు మారుతుంది: గుండె పరీక్ష ఎప్పుడు చేయించాలి, థైరాయిడ్ ఎందుకు చూడాలి, ఏ బడిలో చేర్చుకుంటారు. చివరికి అడగడం మొదలవుతుంది. ఇంట్లో ఒంటరిగా ఉన్న తల్లి దయ కోరుతుంది; పదిమంది తల్లులు కలిస్తే హక్కు అడుగుతారు. తర్వాత వచ్చిన చట్టాల వెనుక ఈ అడగడం ఉంది.

1.6 చట్టాలు: 1992 నుంచి 2016 వరకు

ముందుగా 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం గురించి తెలుసుకోవాలి. 1912 చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం, బుద్ధిమాంద్యాన్ని మానసిక జబ్బు నిర్వచనం నుంచి తప్పించింది. అది సరైన పనే. కానీ దాంతో ఒక ఖాళీ ఏర్పడింది. పద్దెనిమిదేళ్లు దాటిన డౌన్ సిండ్రోమ్ వ్యక్తికి చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమించడానికి తగిన సులువైన మార్గం లేకుండా పోయింది.

ఆ తర్వాతి క్రమాన్ని గమనించండి:

• 1992: భారత పునరావాస మండలి చట్టం. ప్రత్యేక ఉపాధ్యాయులు, చికిత్సకుల శిక్షణకు ప్రమాణాలు వచ్చాయి.
• 1995: వికలాంగుల సమాన అవకాశాల చట్టం. ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో బుద్ధిమాంద్యం ఒకటి.
• 1999: జాతీయ ట్రస్టు చట్టం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం వచ్చింది.
• 2007: వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని భారత్ ఆమోదించింది.
• 2016: వికలాంగుల హక్కుల చట్టం. గుర్తించిన వైకల్యాల సంఖ్య 21కి పెరిగింది.

వీటిలో కుటుంబాలకు అన్నిటికంటే దగ్గరిది 1999 చట్టం. దాని ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టరు ఆధ్వర్యంలో స్థానిక స్థాయి కమిటీ ఉండాలి. అందులో ఒక నమోదిత స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి కూడా ఉంటారు. తల్లిదండ్రులు దరఖాస్తు చేస్తే ఆ కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. నియమితుడైన వ్యక్తి ఆరు నెలల్లో ఆస్తి వివరాలు ఇవ్వాలి, ఏటా లెక్క చెప్పాలి. బాధ్యత మరిచి ఆస్తి మాత్రం అనుభవించే బంధువును అడ్డుకోవడానికి ఇది ఒక మార్గం. ఈ ట్రస్టు కిందే లక్ష రూపాయల వరకు వర్తించే 'నిరామయ' ఆరోగ్య బీమా కూడా ఉంది.

జనాభా లెక్కల్లోనూ పేరు మారింది. 2001 లెక్కల్లో మానసిక జబ్బు, బుద్ధిమాంద్యం ఒకే గడిలో ఉన్నాయి. 2011లో విడదీశారు. అప్పుడు దేశంలో బుద్ధిమాంద్యం ఉన్నవారు సుమారు 15 లక్షల మందిగా లెక్కతేలారు. 1912 చట్టం కట్టిన గాట లెక్కల కాగితం మీద విడిపోవడానికి దాదాపు వందేళ్లు పట్టిందన్నమాట.

1.7 మండలంలోకి వచ్చిన సేవలు

చట్టం ఢిల్లీలో పుడుతుంది. అది చౌడేపల్లె లాంటి మండలానికి ఏ రూపంలో చేరింది?

1978 నాటి ఆల్మా ఆటా ఆరోగ్య సదస్సు తర్వాత, పునరావాసం ఆస్పత్రిలో కాదు, ఊళ్లోనే జరగాలన్న ఆలోచనను ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుకు తెచ్చింది. దీన్నే సమాజ ఆధారిత పునరావాసం అంటారు. పొరుగున ఉన్న అనంతపురం జిల్లాలో, 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఊరూరా వికలాంగుల సంఘాలు పెట్టి ఈ మార్గంలో నడిచింది.

2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రపంచబ్యాంకు సాయంతో 'వెలుగు' ప్రాజెక్టు మొదలైంది. మొదటి దశకు ఎంచుకున్న ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి. తర్వాత ఇదే ఇందిరా క్రాంతి పథం అయింది. మహిళా పొదుపు సంఘాల పద్ధతినే తీసుకుని గ్రామాల్లో వికలాంగుల సంఘాలు, మండల స్థాయిలో వాటి సమాఖ్యలు ఏర్పాటు చేశారు. తమ తరఫున తాము మాట్లాడుకోలేని పిల్లల కోసం తల్లిదండ్రులు ముందుకొచ్చారు. ఇంటి పొరుగునే పిల్లలకు వ్యాయామ చికిత్స, ఆటపాటలు, నేర్పు పనులు అందించే కేంద్రాలను కొన్ని మండలాల్లో నడిపారు. అక్కడ బిడ్డకు నేర్పు దొరికితే, తల్లికి రోజులో కొన్ని గంటలు దొరికాయి. ఆ గంటల్లో ఆమె కూలికి వెళ్లగలిగింది.

తర్వాత వచ్చిన మూడు ఏర్పాట్లను కూడా గుర్తుంచుకోండి.

మొదటిది సదరం శిబిరాలు. వైద్యుల బృందం వైకల్య శాతాన్ని నిర్ణయించి ధ్రువపత్రం ఇస్తుంది. 40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకు అర్హత. ఈ పింఛను 2019లో మూడు వేల రూపాయలకు, 2024లో ఆరు వేల రూపాయలకు పెరిగింది. డబ్బు ఒక్కటే విషయం కాదు. ఇంట్లో 'తినే నోరు'గా చూసిన మనిషి పేరు మీద నెలనెలా డబ్బు రావడం ఆ ఇంట్లో అతని స్థానాన్ని మార్చగలదు. అదే డబ్బు కోసం అతన్ని వాడుకునే ప్రమాదమూ ఉంది.

రెండోది భవిత కేంద్రాలు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం విద్యాశాఖ మండల స్థాయిలో నడిపే ఈ కేంద్రాల్లో రిసోర్స్ పర్సన్లు ఉంటారు. రాలేని పిల్లల ఇళ్లకే వెళ్లి నేర్పుతారు.

మూడోది 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. పుట్టుకతో వచ్చే లోపాలను వెంటనే గుర్తించడానికి పెట్టిన జాబితాలో డౌన్ సిండ్రోమ్ పేరు నేరుగా ఉంది. అనుమానం ఉన్న బిడ్డను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. గుండె లోపం ఉంటే రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఆపరేషన్‌కు వీలుంది. 2021లో తిరుపతిలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభమయ్యాక ఈ ప్రాంతం వారికి దూరం కొంత తగ్గింది.

ఇక్కడ పేరు, చోటు మొదటిసారి దగ్గరయ్యాయి. బిడ్డకు పరీక్షతో పేరు తెలుస్తుంది, ఇల్లు విడవకుండానే సేవ అందుతుంది. కానీ ఈ ఏర్పాట్లు వేర్వేరు శాఖలవి. ధ్రువపత్రం ఒకచోట, బడి మరోచోట, సంరక్షకత్వ దరఖాస్తు జిల్లా కేంద్రంలో. ఒక్కోదానికి ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోతాయి. ఈ ముక్కలను కుట్టేది ఇప్పటికీ తల్లే, లేదా ఆమెకు తోడుగా వచ్చే ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, సంఘం లీడరు. సమాజ అండ అంటే ఆచరణలో ఈ తోడే.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
(అ) స్థానిక స్థాయి కమిటీలో ఎవరెవరు ఉంటారు?
(ఆ) 'వెలుగు' మొదటి దశలో చిత్తూరు జిల్లా స్థానం ఏమిటి?
(ఇ) భవిత కేంద్రం చేసే పని రాయండి.

1.8 మిగిలిన ప్రశ్న: 'మా తర్వాత ఎవరు?'

ఈ కుటుంబాలతో మీరు ఎప్పుడు మాట్లాడినా ఒక ప్రశ్న వినిపిస్తుంది: 'మేం పోయాక వీడిని ఎవరు చూస్తారు?' ఇది ఎప్పటినుంచో ఉన్న ప్రశ్నలా అనిపిస్తుంది. చరిత్ర విద్యార్థిగా మీరు ఒక క్షణం ఆగి ఆలోచించండి. అమెరికాలో 1980ల మొదట్లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం 25 ఏళ్ల దగ్గర ఉండేది. ఇప్పుడది 60 ఏళ్లకు చేరింది. అంటే వెనకటి కాలంలో చాలామంది తల్లులు తమ బిడ్డను తామే సాగనంపారు. బిడ్డ తమకంటే ఎక్కువ కాలం బతుకుతాడన్న ఆలోచన వారికి రావడానికే వీలు లేదు. ఈనాటి ఈ భయం, ఒక విధంగా, వైద్యం సాధించిన విజయం నుంచి పుట్టింది.

ఇదే కాలంలో ఊరు కూడా మారింది. ఉమ్మడి కుటుంబాలు విడిపోయాయి. చౌడేపల్లె, కుప్పం వైపు యువకులు పనికోసం బెంగళూరు వెళ్తున్నారు. బిడ్డల ఆయుష్షు పెరిగిన కాలంలోనే చూసుకునే చేతులు తగ్గాయి. పాత చోటు చిన్నదవుతోంది. కొత్త చోటు ఇంకా పూర్తిగా తయారుకాలేదు. చట్టం సంరక్షకుణ్ణి నియమించగలదు. పొద్దున్నే పలకరించే మనిషిని నియమించలేదు. దానికి ఊరు కావాలి. ఊరి ప్రేమ ఒక్కటే ఉన్నా చాలదు. ఆస్తి, వైద్యం, చదువు కాపాడడానికి చట్టం కావాలి.

ఏటా మార్చి 21న ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం జరుపుతారు. మూడో నెల, 21వ తేదీ అన్నది మూడుగా ఉన్న 21వ క్రోమోజోముకు గుర్తు. 2012 నుంచి ఐక్యరాజ్యసమితి దీన్ని పాటిస్తోంది. ఆ రోజున మీ మండలంలో ఎక్కడైనా సభ జరిగితే, వేదిక మీద ఎవరు కూర్చున్నారో, మైకు ఎవరి చేతికి ఇచ్చారో చూడండి. ఈ చరిత్ర ఎంతదాకా వచ్చిందో మీకు తెలుస్తుంది.

1.9 సారాంశం

డౌన్ సిండ్రోమ్‌కు 1866లో వర్ణన, 1959లో కారణం, 1960లలో గౌరవమైన పేరు దొరికాయి. వలస చట్టం ఈ వ్యక్తులను మానసిక జబ్బు ఉన్నవారితో కలిపి చూసింది. గ్రామం వారికి పనిలో, పలకరింపులో కొంత చోటు ఇచ్చినా, కూలి, చదువు, ఆస్తి, భద్రత ఇవ్వలేదు. వెల్లూరు, సికింద్రాబాద్, చెన్నైలలో మొదలైన కృషి కుటుంబాన్ని శిక్షకురాలిగా గుర్తించింది. తల్లిదండ్రుల సంఘాలు హక్కులు అడిగాయి. 1999, 2016 చట్టాలు వచ్చాయి. వెలుగు సంఘాలు, సదరం, భవిత, బాల స్వాస్థ్య కార్యక్రమాలతో సేవలు మండలానికి చేరాయి. ఆయుర్దాయం పెరిగిన ఈ కాలంలో తల్లిదండ్రుల తర్వాతి సంరక్షణే ఇంకా తేలని ప్రశ్న.

1.10 కీలక పదాలు

క్రోమోజోము: కణంలో వంశపారంపర్య లక్షణాలను మోసే నిర్మాణం.
సమాజ ఆధారిత పునరావాసం: వైకల్యం ఉన్నవారికి వారి ఊళ్లోనే, స్థానికుల భాగస్వామ్యంతో అందించే సేవ.
సంరక్షకత్వం: తన వ్యవహారాలు తాను చూసుకోవడానికి సాయం అవసరమైన వ్యక్తి తరఫున చట్టం ఒకరికి అప్పగించే బాధ్యత.
సదరం: వైకల్య శాతాన్ని నిర్ణయించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు.

1.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు, క్షేత్ర అభ్యాసం

I. ఈ ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. 'గ్రామం చోటు ఇచ్చింది కానీ హక్కు ఇవ్వలేదు.' చర్చించండి.
2. 1987 నుంచి 2016 వరకు వచ్చిన చట్టాలు కుటుంబాల పరిస్థితిని ఎలా మార్చాయి?

II. ఈ ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. వెల్లూరు మానసిక ఆరోగ్య కేంద్రం పద్ధతిలోని ప్రత్యేకత.
2. తల్లిదండ్రుల సంఘాల పాత్ర.
3. 'మా తర్వాత ఎవరు?' అన్న ప్రశ్న ఈ కాలంలోనే ఎందుకు తీవ్రమైంది?

III. క్షేత్ర అభ్యాసం
మీ మండలంలోని భవిత కేంద్రానికి వెళ్లండి. అక్కడి రిసోర్స్ పర్సన్ ద్వారా, ఇష్టపడిన ఒక కుటుంబంతో మాట్లాడండి. వారి అనుమతి లేకుండా పేరు, ఫొటో, ఊరు రాయవద్దు. బిడ్డ పరిస్థితికి పేరు ఎప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు, కష్టకాలంలో మొదట తోడొచ్చింది ఎవరు అని అడగండి. డౌన్ సిండ్రోమ్ ఉన్న వ్యక్తి అక్కడే ఉంటే ముందు వారిని పలకరించండి. వారి ముందే వారి గురించి ఇతరులను అడగడం మర్యాద కాదు. విన్నదాన్ని రెండు పేజీల్లో రాయండి. ఈ చరిత్రకు కాగితం ఆధారాలు తక్కువ. మీరు రాసే ఆ రెండు పేజీలు కూడా రేపు ఒక ఆధారం కావచ్చు.